పడకగదిలో గాలి ఆడుతోందా? గ్రీన్ బిల్డింగు హాయిని మామూలు ఇంట్లోకి తెచ్చుకునే పద్ధతి

మా వరంగల్‌లో ఎండలు ముదిరాయంటే నాకు రెండు రకాల ఫోన్లు వస్తాయి. మొదటిది: "అన్నా, నక్కలగుట్టల ఫ్లాట్ చూసినం. గోల్డ్ రేటింగు గ్రీన్ బిల్డింగట. అండ్ల ఉంటే ఆరోగ్యానికి మంచిదంటున్నరు, నిజమేనా?" రెండోది: "మాది రెండొందల గజాల పాత ఇల్లు. మాకెవడిస్తడు సర్టిఫికెట్? మేమేం చెయ్యాలె?"

గ్రీన్ బిల్డింగు అంటే నీళ్లు, కరెంటు ఆదా, లోపల ఉండేవాళ్ల ఆరోగ్యం లాంటివి చూసి రేటింగు ఇచ్చిన భవనం. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. సర్టిఫికెట్ ఉన్నా లేకున్నా మనిషి ఒంటికి తగిలేవి నాలుగు: గాలి, వేడి, వెలుతురు, చప్పుడు. ఈ నాలుగూ మీ ఇంట్లో ఎలా ఉన్నాయో మీరే కొలుచుకోవచ్చు, చాలావరకు మీరే సరిచేసుకోవచ్చు. ప్రతిసారీ ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

సిద్ధాంతం ఒక్క పేరాలో ముగిస్తా. 2015లో హార్వర్డ్ పరిశోధకులు 24 మంది ఆఫీసు ఉద్యోగులను ఆరు రోజులు ఒకే చోట కూర్చోబెట్టి, వాళ్లకు చెప్పకుండా గదిలో గాలిని మార్చారు. మామూలు ఆఫీసు గాలి ఉన్న రోజులతో పోలిస్తే, రసాయనాల వాసనలు తగ్గించిన 'గ్రీన్' రోజుల్లో ఆలోచనా సామర్థ్యం పరీక్షల మార్కులు సగటున 61 శాతం ఎక్కువ వచ్చాయి. దాంతోపాటు బయటి గాలిని కూడా పెంచిన రోజుల్లో 101 శాతం ఎక్కువ. కుర్చీలు మార్చలేదు, మనుషులను మార్చలేదు. మారింది గాలి. అందుకే కింద గాలి గురించే ఎక్కువ రాశాను.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- కార్బన్ డయాక్సైడ్ మీటరు. మనం వదిలిన ఊపిరి గదిలో ఎంత పేరుకుందో, అంటే గాలి ఎంత పాతబడిందో ఇది చెప్తుంది. డబ్బా మీద 'ఎన్‌డీఐఆర్' సెన్సర్ అని ఉండాలి, అంటే పరారుణ కాంతితో నేరుగా ఆ వాయువునే కొలిచే రకం. సొంతంగా కొనక్కర్లేదు, అపార్ట్‌మెంటులో నలుగురు కలిసి ఒకటి కొన్నా చాలు.
- గది వేడి, తేమ చూపించే చిన్న గడియారం లాంటి మీటరు.
- టేపు, రెండు అగరుబత్తీలు, టాయిలెట్ పేపరు ముక్క, పాత నోటుబుక్కు.
- ఫోన్లో వెలుతురు కొలిచే యాప్. ఇది ఉజ్జాయింపే, ప్రాణం పెట్టి నమ్మకండి.

మీటరు తెచ్చాక ఒక పరీక్ష చేయండి. డాబా మీద పది నిమిషాలు ఉంచితే 400 నుంచి 450 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో ఎన్ని పాళ్లు అనే లెక్క) మధ్య చూపాలి. తర్వాత పక్కనే చేతికి శానిటైజర్ రాసుకోండి. అంకె ఒక్కసారిగా వేలల్లోకి ఎగిరిందంటే అది కొలిచేది వాసనలను, కార్బన్ డయాక్సైడ్‌ను కాదు. వాపసు ఇచ్చేయండి.

1. ఫ్లాట్ కొనేవాళ్లు ముందు కాగితం అడగండి

సొంత ఇల్లున్నవాళ్లు దీన్ని వదిలేసి రెండో దానికి వెళ్లండి.

మన దగ్గర ఎక్కువగా వినపడేది ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ రేటింగు. 2001లో మొదలైంది, ఆఫీసు హైదరాబాదులోనే. వాళ్లుండే సీఐఐ-గోద్రెజ్ భవనం అమెరికా బయట లీడ్ (అమెరికా వాళ్ల గ్రీన్ రేటింగు) ప్లాటినం అందుకున్న మొట్టమొదటి భవనం. 2004లో కలాం గారు దాన్ని ప్రారంభించారు. ఇది కాక గృహ అని ఇంకో రేటింగు ఉంది, టెరీ అనే పరిశోధన సంస్థ వాళ్లది.

బిల్డరును రెండే అడగండి. ఒకటి, ఇది ప్రీ-సర్టిఫికేషనా, తుది సర్టిఫికేషనా? ప్రీ అంటే ప్లాను చూసి ఇచ్చింది, కట్టిన ఇల్లు చూసి ఇచ్చింది కాదు. బ్రోచర్లో రెండూ ఒకే బంగారు రంగులో మెరుస్తాయి. రెండు, పాయింట్ల పట్టిక. నీళ్లు, కరెంటు, స్థలం, సామగ్రి, లోపల ఉండేవాళ్ల ఆరోగ్యం, అన్నింటికీ విడివిడిగా పాయింట్లుంటాయి. ఇంకుడు గుంత, సోలార్, ఎల్‌ఈడీల మీదే మంచి మార్కులు తెచ్చుకుని, ఆరోగ్యం కింద తప్పనిసరి షరతుల వరకే ఆగిపోయిన భవనం ఉండొచ్చు. అది మోసం కాదు, కానీ మీరడిగిన ప్రశ్నకు జవాబూ కాదు. పట్టిక చూపించడానికి నసిగారంటే మీటరు పట్టుకుని వెళ్లి మోడల్ ఫ్లాటులో కింది పనులు చేయండి.

2. మూడు రోజులు ఏమీ మార్చకుండా రాయండి

ఇదే అందరూ ఎగ్గొట్టేది. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి తొమ్మిదింటికి, ఒక్కో గదిలో వేడి, తేమ, కార్బన్ డయాక్సైడ్ రాసుకోండి. పక్కన ఒక మాట: తలనొప్పి, చెమట, ముక్కు దిబ్బడ, బాగుంది. ఇది లేకుండా రంగులకు, ఏసీలకు డబ్బు పెడితే తేడా వచ్చిందో లేదో మీకే తెలియదు.

3. పడకగది రాత్రి పరీక్ష

మా ఇంటి సంగతే చెప్తా. పది బై పన్నెండు గది. నేను, మా ఆవిడ, చిన్నోడు పడుకుంటాం. ఏసీ వేసి కిటికీ, తలుపు బిగిస్తే రాత్రి పదిన్నరకు 640 ఉన్న అంకె తెల్లవారు అయిదింటికి 2,300 దాటింది. రోజూ పొద్దున లేవగానే తల బరువు, మా ఆవిడైతే బీపీ అనుకుని మందుల షాపు దాకా పోయింది.

ఇక్కడ ఎక్కువ మంది చేసే పొరపాటు, స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తెస్తుందనుకోవడం. తేదు. ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. బయటి పెట్టెకు, లోపలి పెట్టెకు మధ్య నడిచేది గ్యాసు, గాలి కాదు.

తెల్లవారుజాము అంకె 1,000 లోపు ఉంటే ఈ అంచె దాటేయండి. అంతకు మించితే, ముఖ్యంగా 1,500 పైన ఉంటే, వీటిలో ఒక్కొక్కటే చేసి, ప్రతిదాని తర్వాత ఒక రాత్రి కొలవండి:

అ) తలుపు కింద వేలు దూరేంత సందు ఉంచండి. కార్పెంటరు అరగంటలో రందా పడతాడు. పైన వెంటిలేటరు ఉండి దానికి అట్టముక్క కొట్టి ఉంటే పీకేయండి.

ఆ) అటాచ్డ్ బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, బాత్రూం తలుపు ఓరగా పెట్టి, కిటికీ రెండు వేళ్ల మందం తెరవండి. పాత గాలి అటు పోతుంది, కొత్త గాలి ఇటు వస్తుంది. మా ఇంట్లో పనిచేసింది ఇదే, 2,300 కాస్తా 950కి దిగింది. ఏసీ కొంచెం ఎక్కువ సేపు తిరుగుతుంది. 24కు బదులు 26 పెట్టి సీలింగ్ ఫ్యాను వేస్తే ఆ లెక్క సరిపోతుంది.

ఇ) విండో ఏసీ అయితే ముందు భాగంలో 'వెంట్' అని చిన్న మీట ఉందేమో చూడండి. చాలా ఇళ్లలో దాన్ని కొన్నప్పటి నుంచి ఎవరూ ముట్టరు.

హెచ్చరిక: బాత్రూంలో గ్యాస్ గీజరు ఉంటే 'ఆ' పద్ధతి జోలికి పోవద్దు. అసలు మూసిన బాత్రూంలో గ్యాస్ గీజరే ఉండకూడదు. దాన్నుంచి వచ్చేది కార్బన్ మోనాక్సైడ్, మీ మీటరు దాన్ని చూపించదు, ముక్కుకూ తెలియదు. బయట బాల్కనీకి మార్పించండి.

4. గాలి ఎటు నుంచి ఎటు పోతోందో చూడండి

సాయంత్రం ఫ్యాన్లన్నీ ఆపి, కిటికీలు తీసి, గది మధ్యలో అగరుబత్తి వెలిగించండి. పొగ ఒక వైపు వాలి బయటికి పోతే సంతోషం. నిలువుగా లేచి సీలింగు కింద మబ్బులా నిలబడితే గాలికి వచ్చే దారి ఉంది గానీ పోయే దారి లేదు. ఎదురుగోడకు కిటికీ లేకపోతే తలుపు తీసి, హాల్లో అటువైపు కిటికీ తీసి మళ్లీ చూడండి.

తెరుచుకునే జాగా గది వైశాల్యంలో ఎనిమిదో వంతైనా ఉండాలని ఒక లెక్క. పది బై పన్నెండు గదికి 15 చదరపు అడుగులు. "మాది నాలుగు బై నాలుగు కిటికీ, 16 ఉంది కదా" అంటారు. అది స్లైడింగు. ఎంత జరిపినా తెరుచుకునేది సగమే, అంటే ఎనిమిది. కొత్తగా కట్టేవాళ్లు కనీసం పడకగదికైనా రెక్కల కిటికీ పెట్టించండి. పాతదైతే దోమల జాలీని నెలకోసారి తీసి కడగండి. దుమ్ము పట్టిన జాలీలోంచి గాలి సగం కూడా దూరదు.

ఏనుమాముల మిర్చి మార్కెట్ చుట్టుపక్కల వాళ్లు ఇది చదివి నవ్వుకుంటారని తెలుసు. మిర్చి సీజన్లో కిటికీ తీస్తే ఇల్లంతా తుమ్ములే. మీరు బస్తాలు కదలని వేళల్లో, అంటే రాత్రి పొద్దుపోయాక, తెల్లవారుజామున తీసి, మార్కెట్ మొదలయ్యేలోపు మూసేయండి. మెయిన్ రోడ్డు మీద ఇళ్లకూ ఇదే.

కూలర్ వాడేవాళ్లకు ఒక మాట. కూలర్ వెనక భాగం కిటికీ బయటికి ఉండాలి, దానికి ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉండాలి. చల్లదనం పోతుందని అన్నీ మూస్తే అరగంటకల్లా ఒళ్లు జిడ్డవుతుంది. తేమ మీటరు 70 దాటితే పంపు ఆపి ఫ్యాను మాత్రమే నడపండి. నీళ్లు వారానికోసారి పూర్తిగా వంచి, తొట్టి రుద్ది ఎండబెట్టండి, లేకపోతే డెంగీ దోమను మనమే పెంచినట్టు.

5. పొగ పుట్టించేది మనమే

బయటి కాలుష్యం మీద అందరూ కోపంగా ఉంటారు, పడకగదిలో మస్కిటో కాయిల్ వెలుగుతుంటుంది. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. దోమతెర కట్టండి. దేవుడి గదిలో బత్తీలు వెలిగించండి, ఎవరొద్దంటారు, కానీ ఆ కాసేపు పక్కన కిటికీ తీసి ఉంచండి.

వంటింటికి మంచి పరీక్ష ఒకటుంది. ఎండుమిర్చి పోపు వేసి, ముందు గదిలో కూర్చున్నవాళ్లు దగ్గారో లేదో అడగండి. దగ్గితే ఎగ్జాస్ట్ పనిచేయడం లేదు. ఫ్యాను ఆన్ చేసి టాయిలెట్ పేపరు ముక్క దానికి దగ్గరగా పట్టండి. అతుక్కుని నిలబడాలి, జారిపడితే రెక్కలకు పట్టిన జిడ్డు గీకండి.

జిడ్డు లేకపోయినా దగ్గు వస్తోందా? ఎగ్జాస్ట్ పక్కనే ఉన్న కిటికీ తెరిచి ఉందేమో చూడండి. ఫ్యాను ఆ కిటికీ గాలినే లాగి బయటికి తోస్తుంది, పొయ్యి మీది పొగ అక్కడే ఉంటుంది. దగ్గరి కిటికీ మూసి, దూరంగా ఉన్నది తెరవండి. చిమ్నీ కొనేటప్పుడు గొట్టం గోడ బయటికి వెళ్లేదే తీసుకోండి. గొట్టం లేని రకం జిడ్డును పట్టుకుని, మిగతాదాన్ని మీ ముఖానికే తిరిగి ఊదుతుంది.

6. డాబా: మన ఎండకు అసలు వైద్యం

మేలో 43, 44 డిగ్రీలు మనకు కొత్త కాదు. పైఅంతస్తు వాళ్లకు అసలు బాధ పగటిపూట కాదు, రాత్రి తొమ్మిదింటికి. పగలంతా కాలిన స్లాబు అప్పుడు లోపలికి వేడి వదులుతుంది. స్టూలెక్కి సీలింగుకు అరచేయి ఆనించి చూడండి, మనిషి నుదురు కంటే వెచ్చగా ఉంటే ఈ అంచె మీకోసమే.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు కూల్ రూఫ్ తప్పనిసరి, అంతకంటే చిన్నవాటికి ఐచ్ఛికం. చట్టం సంగతి పక్కన పెట్టినా తెల్ల డాబా కింద గది 2 నుంచి 5 డిగ్రీల దాకా చల్లగా ఉంటుంది.

పని వరస ఇది. ఫిబ్రవరి చివర్లో, హోలీ లోపు పెట్టుకోండి. ముందు పగుళ్లు పూడ్చి, నీళ్లు నిలిచే చోట వాలు సరిచేయించండి. వైరు బ్రష్షుతో పాచి, మట్టి గీకి, కడిగి, రెండు రోజులు ఎండనివ్వండి. తర్వాత కూల్ రూఫ్ పెయింటు రెండు కోట్లు, మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా. రెండింటి మధ్య డబ్బా మీద రాసినంత వ్యవధి. చేతిలో అంత డబ్బు లేకపోతే సున్నం: నానబెట్టి, వడగట్టి, అంటుకోవడానికి బంక కలిపి రెండు చేతులు పూయండి. ఒక వానాకాలానికే పోతుంది, మళ్లీ ఏడు మళ్లీ వేయాలి, అయినా ఆ ఎండకాలానికి పనిచేస్తుంది. ఎక్కువ కాలం కావాలంటే తెల్ల పింగాణీ పెంకులు పరిపించండి. వాన పడితే అది జారుతుంది, ముసలివాళ్లు డాబా ఎక్కే ఇల్లయితే ఆలోచించుకోండి.

జరిగే తప్పులు: మిట్టమధ్యాహ్నం కాలే స్లాబు మీద పూయడం, అది పొక్కులు లేస్తుంది. తడి ఆరకముందే పూయడం. ఈ రెండోది నేనే చేశాను. మొదటి వాన పడ్డాక మబ్బుంది కదా అని మొదలుపెడితే శ్రావణం నాటికి అప్పడాల్లా లేచింది. మూడోది, పూసి మర్చిపోవడం. దుమ్ము పట్టిన తెలుపు తెలుపు కాదు, మార్చి నుంచి నెలకోసారి చీపురుతో ఊడ్చి కడగండి. ఇంకొకటి, తెల్లగా కనిపించాలని నీలిమందు కలపడం. గోడకు అందం, డాబాకు అనవసరం.

ఫలితం చూడ్డానికి ఒక మూల గజం జాగా పూయకుండా వదలండి. మధ్యాహ్నం రెండింటికి చెప్పులు విప్పి ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టండి. ఒక క్షణం చాలు, ఎక్కువసేపు నిలబడకండి.

7. పడమటి గోడ

వరంగల్ సుమారు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో, ఆగస్టు మొదట్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, మన నీడ మన కాళ్ల కిందే. కాబట్టి దక్షిణం కిటికీకి రెండడుగుల సజ్జ చాలు: మార్చి చివర్లో మధ్యాహ్నం నాలుగడుగుల కిటికీని పూర్తిగా కప్పేస్తుంది, డిసెంబరులో పైసగం కప్పి కింద నుంచి నులివెచ్చని ఎండ రానిస్తుంది. ఇంతకంటే మంచి బేరం లేదు.

పడమరకు ఈ లెక్క పనికిరాదు. నాలుగింటి ఎండ అడ్డంగా వస్తుంది, సజ్జ దాన్ని ఆపలేదు. మందపాటి పరదా వేస్తారు, కానీ అప్పటికే వేడి అద్దం దాటి లోపలికి వచ్చేసింది. అడ్డు బయట ఉండాలి: వెదురు తడిక, గ్రీన్ నెట్, జాగా ఉంటే వేప లేదా కానుగ చెట్టు. చెట్టు పునాదికి దూరంగా పెట్టండి.

8. వెలుతురు

పగలు పన్నెండింటికి లైట్లు ఆపి పేపరు చదవండి. చదవలేకపోతే ఆ గదిలో పిల్లల బల్ల వేయకండి. చదివే బల్ల దగ్గర యాప్‌లో 300 లక్సులు (వెలుతురు కొలత) ఉంటే సరే. సీలింగు తెల్లగా మార్చినా, కిటికీకి అడ్డంగా ఉన్న బీరువా జరిపినా చాలా తేడా వస్తుంది. కిటికీలోంచి ఒక చెట్టో, భద్రకాళి చెరువు వైపు ఆకాశమో కనిపిస్తే మంచం అటు తిప్పండి.

9. కొత్త రంగు, కొత్త ప్లైవుడ్

చిన్నోడి గదికి మే నెలలో పార్టికల్ బోర్డు కప్‌బోర్డు పెట్టించాం, అదే వారం గోడలకు రంగులు. నాలుగో రోజుకు వాడి కళ్లు ఎర్రబడి నీళ్లు కారడం మొదలైంది. పనిచేసినతను "కొత్త వాసన సార్, రెండ్రోజులల్ల పోతది" అన్నాడు. పోలేదు. అరలు తెరిచి లోపల తల పెడితే నాకే కళ్లు మండాయి. ఆ బోర్డుల బంకలో ఉండే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు రసాయనం వేడికి, తేమకు ఇంకా ఎక్కువ బయటికి వస్తుంది. మేమేమో ఎండకని గది మూసి ఉంచాం.

మీరు ఇలా చేయండి. ప్లైవుడ్ బిల్లులో 'ఈ1' లేదా 'ఈ0' అని రాయించుకోండి, ఫార్మాల్డిహైడ్ తక్కువ వదులుతుందని చెప్పే గుర్తులవి. కోసిన అంచులన్నింటికీ, కంటికి కనపడని వెనక వైపు కూడా, ఎడ్జ్ బ్యాండ్ వేయించండి. వాసన ఎక్కువ వచ్చేది ఆ పచ్చి అంచుల నుంచే. లోపలి గోడల రంగుకు వీఓసీ (రంగులోంచి గాల్లోకి లేచే రసాయనాలు) లీటరుకు 50 గ్రాముల లోపు ఉన్నది అడగండి, డబ్బా మీద లేకపోతే కంపెనీ సమాచార పత్రంలో ఉంటుంది. 'వాసన లేనిది' అన్న మాట వేరు, 'వీఓసీ తక్కువ' అన్న మాట వేరు. పని అయ్యాక కనీసం రెండు మూడు వారాలు అరలు, కిటికీలు తెరిచి ఫ్యాను వేసి ఉంచండి, ఆ తర్వాతే పిల్లలను పడుకోబెట్టండి.

"మనీప్లాంటు పెడితే పీల్చుకుంటది కదా" అని తప్పకుండా అడుగుతారు. కిటికీ తీసినంత ఫలితం మొక్కలతో రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని 2019లో పాత ప్రయోగాలన్నీ తిరగేసిన ఒక సమీక్ష తేల్చింది. కంటికి చల్లగా ఉంటుందని పెట్టుకోండి, హాయిగా.

10. చప్పుడు

పడకగదిలో రాత్రి 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. కాజీపేట స్టేషను పక్కన ఉన్నవాళ్లకు అది కలే, కానీ తగ్గించుకోవచ్చు. ముందు చప్పుడు బయటిదా, లోపలి ప్రతిధ్వనా తేల్చండి. ఖాళీ గదిలో చప్పట్లు కొట్టండి. 'టంగ్'మని మోగితే ప్రతిధ్వని: గ్రానైటు గచ్చు, నున్నటి గోడలు. కొత్తవాడ దర్రీ ఒకటి పరిస్తే, గోడకు ఇంకోటి వేలాడదీస్తే తగ్గుతుంది. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకు, మన ఊళ్లోనే దొరుకుతుంది. అయితే దర్రీ రైలు కూతను ఆపదు. బయటి చప్పుడుకు కిటికీ అంచుల్లో రబ్బరు బీడింగు బిగించాలి, స్లైడింగు కిటికీకి రెండు రెక్కలు కలిసే చోట బ్రష్షు పట్టీ మార్పించాలి.

బీడింగు బిగించిన రాత్రే మీటరు మళ్లీ మంచం పక్కన పెట్టండి. సందులన్నీ మూసుకుపోయి మూడో అంచెలో కష్టపడి దించిన అంకె మళ్లీ పైకెక్కుతుంది. మాకు 950 కాస్తా 1,700 అయింది. రైలు వైపు కిటికీ మూసి, ఇంకో వైపు వెంటిలేటరు తీశాక 1,050 దగ్గర ఆగింది. పన్నెండింటి గూడ్సు ఇప్పటికీ వినపడుతుంది గానీ, మా ఆవిడ మందుల షాపుకు పోవడం మానేసింది.